పోలీసులు ఒకటి, జనం ఒకటి చెప్పినప్పుడు: మిచెల్స్‌టౌన్ ఇన్‌క్వెస్ట్ సాక్ష్యాలను ఎలా చదవాలి

మీరు అడిగింది ఇదీ: 1887లో ఐర్లండ్‌లోని మిచెల్స్‌టౌన్‌లో పోలీసు బ్యారక్ కిటికీల్లోంచి జరిగిన కాల్పుల మీద ఇన్‌క్వెస్ట్ (అసహజ మరణాల మీద కరోనర్ అనే అధికారి జ్యూరీతో జరిపే విచారణ) సాక్ష్యాలు చదువుతున్నారు. పోలీసులు "మా బ్యారక్ మీద దాడి చేశారు, ప్రాణాలు దక్కించుకోడానికే కాల్చాం" అంటున్నారు. ఊరివాళ్లు "దాడీ లేదు, ఏమీ లేదు, చౌకులో ఉన్నవాళ్లను కాల్చారు" అంటున్నారు. ఇద్దరూ ప్రమాణం చేసే చెప్పారు. ఎవరిని నమ్మాలి? మన ఆంధ్ర జిల్లాల పాత పోలీసు కాల్పుల కాగితాలకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?

"ఎవరిని నమ్మాలి" అన్న ప్రశ్నను ముందు పక్కన పెట్టండి. దాంతో మొదలుపెట్టినవాళ్లు తమకు ముందునుంచీ ఇష్టమైన పక్షాన్నే నమ్మి లేస్తారు. ఒక్కో సాక్షికి మొదట మూడు సంగతులు రాసుకోండి: ఎక్కడ నిలబడ్డాడు, అక్కణ్ణుంచి ఏం కనబడుతుంది, అతని మాటను కాగితం మీద పెట్టింది ఎవరు. ఈ మూడూ తేలాక, గట్టి వైరుధ్యాలు అనుకున్నవాటిలో చాలా భాగం అసలు వైరుధ్యాలే కావని తెలుస్తుంది. మిగిలిన కొద్దిపాటి మీదే మీ శక్తి పెట్టాలి.

ఈ సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో. 1887 సెప్టెంబరు 9, శుక్రవారం. కార్క్ కౌంటీలోని మిచెల్స్‌టౌన్. కౌలు తగ్గించేదాకా భూస్వామికి కట్టేది లేదని రైతులు బిగించిన 'ప్లాన్ ఆఫ్ క్యాంపెయిన్' ఉద్యమంలో ఆ ఊరి కింగ్‌స్టన్ ఎస్టేటు ముఖ్యమైన చోటు. ఆ వేసవిలోనే కొత్తగా తెచ్చిన క్రైమ్స్ చట్టం కింద ఉద్యమ నాయకులు విలియం ఓబ్రియన్, జాన్ మాండెవిల్‌ల మీద కేసు పెట్టారు. వాయిదా రోజున చౌకులో పెద్ద సభ జరిగింది, సుమారు 8,000 మంది వచ్చారని అంచనా. ఇంగ్లండు నుంచి లబూషేర్, బ్రన్నర్ వంటి పార్లమెంటు సభ్యులు కూడా వచ్చారు. ఉపన్యాసాలు రాసుకునే ప్రభుత్వ రిపోర్టరును పోలీసులు జనం మధ్యనుంచి వేదిక దగ్గరికి తోసుకుంటూ తీసుకెళ్లబోయారు. తోపులాట ముదిరి ఒకవైపు లాఠీలు, ఇంకోవైపు చేతికర్రలు లేచాయి. పోలీసులు వెనక్కి తగ్గి బ్యారక్‌లోకి పరుగెత్తారు. ఆ తర్వాత పై కిటికీల్లోంచి తుపాకులు పేలాయి. మైకేల్ లోనర్గన్, జాన్ షినిక్, జాన్ కేసీ ప్రాణాలు పోయాయి. మూడు రోజులకే, సెప్టెంబరు 12న, ఐర్లండ్ వ్యవహారాలు చూసే మంత్రి బాల్ఫోర్ లండన్ పార్లమెంటులో పోలీసులను పూర్తిగా సమర్థించాడు.

ఆ చివరి వాక్యం మీ కాగితంలో పైనే రాసుకోండి. ఇన్‌క్వెస్ట్ తేలకముందే మంత్రి నోట ఒక కథనం వచ్చేసింది. ఆ తర్వాత సాక్ష్యం చెప్పే కింది ఉద్యోగి మంత్రిని అబద్ధాలకోరును చేసే స్థితిలో ఉండడు. కాబట్టి సెప్టెంబరు 12కు ముందు పంపిన రిపోర్టు ఏదైనా దొరికితే దాని విలువ వేరు, తర్వాత చెప్పిన దాని విలువ వేరు. ప్రతి వాంగ్మూలానికీ తేదీ వేసుకోవడం మర్చిపోకండి.

ఇప్పుడు అసలు ముడి. ఈ కేసంతా కొద్ది నిమిషాల వరస మీద నిలబడి ఉంది. ఆఖరి కానిస్టేబుల్ లోపలికి వెళ్లింది ఎప్పుడు, తలుపు మూసింది ఎప్పుడు, మొదటి రాయి, మొదటి అద్దం, మొదటి తూటా. పోలీసుల వాదన నిలవాలంటే అద్దం ముందు పగలాలి, తూటా తర్వాత పేలాలి, ఆ క్షణంలో జనం గోడ దగ్గరే ఉండాలి. జనం చెప్పేది నిలవాలంటే తరిమినవాళ్లు అప్పటికే వెనక్కి మళ్లి ఉండాలి. అందుకని పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా ఈ ఘట్టాలు, నిలువుగా సాక్షుల పేర్లు రాయండి. ఒక్కో గడిలో ఆ సాక్షి "దీని తర్వాత అది" అని చెప్పిందే రాయండి. "అప్పుడు", "అంతలో", "వెంటనే" అనే మాటలు దొరికితే అలాగే దించుకోండి, మీరు సవరించొద్దు. ఖాళీ గడులే ఎక్కువ మిగులుతాయి. ఆ సాక్షి దాన్ని చూడలేదు, లేదా అతన్ని ఎవరూ అడగలేదు. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవాలి తప్ప మీ ఊహతో నింపకూడదు.

గడియారం టైములను ఆ గడుల్లోకి రానీయకండి. 1880 చట్టం ప్రకారం ఐర్లండ్‌లో డబ్లిన్ టైము నడిచేది, అది గ్రీన్‌విచ్ కంటే సుమారు 25 నిమిషాలు వెనక. లండన్ నుంచి వచ్చిన పెద్దమనిషి జేబు గడియారం మార్చుకోకపోతే అతని నాలుగు గంటలూ, ఊరి దుకాణదారు నాలుగు గంటలూ ఒకటి కావు. మన దగ్గరా ఇదే తంటా ఉంది. 1906కు ముందు దేశానికంతటికీ ఒకే టైము లేదు, మద్రాసు టైము వేరు, ఊరి టైము వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో గడియారాలను గంట ముందుకు జరిపిన నెలలు కూడా ఉన్నాయి. ఇద్దరు సాక్షులకు గంట తేడా వస్తే ఒకరు అబద్ధమాడారని తీర్పిచ్చే ముందు ఆ నెలేదో చూడండి.

అద్దం దగ్గర కొంచెం ఆగుదాం. బ్యారక్ మీద జరిగిన దాడి ఎంతటిదని వాదించినప్పుడల్లా మాట పగిలిన కిటికీ అద్దాల దగ్గరికే వచ్చింది. లెక్క ఎంతన్నది ముఖ్యమే, కానీ అంతకంటే ముఖ్యం ముక్కలు ఎటు పడ్డాయన్నది. బయటినుంచి రాయి తగిలితే ఎక్కువ ముక్కలు గది లోపల పడతాయి, కొన్ని చిన్నవి మాత్రం ఎదురు చిమ్ముతాయి. లోపలివాళ్లు తుపాకీ బయటపెట్టడానికి దాని వెనక కర్రతో అద్దం కొడితే ఎక్కువ భాగం కిందకి, వీధిలోకి రాలుతుంది. గది నేల మీద రాళ్లున్నాయని ఎవరైనా చెప్పారా? చెబితే ఏ గదిలో? తూటాలు వచ్చిన కిటికీ, అద్దం పగిలిన కిటికీ ఒకటేనా? కింది అంతస్తు అద్దాలు పగిలి, పై అంతస్తు కిటికీ తెరిచి కాల్చి ఉంటే "అద్దాలు పగిలాయి" అన్న ఒక్క వాక్యం ఇరుపక్షాలకూ పనికొచ్చే వాక్యమైపోతుంది. ఇన్‌క్వెస్టులో వకీళ్లు ఇలాంటి ప్రశ్న అడిగిన చోటు కనబడితే ఆ పేజీకి గుర్తు పెట్టుకోండి, మిగతా వంద పేజీల కంటే అది ఎక్కువ.

తుపాకుల సంగతి. ఆనాటి ఐర్లండ్ పోలీసు దళమైన ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ చేతిలో ఉన్నవి ఒక్కో తూటా నింపి కాల్చే తుపాకులు. అంటే ప్రతి దెబ్బకీ మధ్య నింపుకునే విరామం ఉంటుంది, ప్రతి దెబ్బా ఒక నిర్ణయమే. వాటిలో వాడింది పాతకాలపు నల్ల తుపాకీమందు. ఒకసారి పేలితే కిటికీ ముందు తెల్లటి పొగ కమ్ముతుంది. దీనివల్ల రెండు విషయాలు తేలతాయి. బయట ఉన్న సాక్షి "ఫలానా కిటికీ" అని చెబితే అది నమ్మదగిందే, ఎందుకంటే పొగ కనబడుతుంది. లోపల ఉన్న కానిస్టేబుల్ మాత్రం రెండో మూడో దెబ్బ తర్వాత "గురి చూసి, రాయి ఎత్తిన మనిషినే కాల్చాను" అంటే అక్కడ ఆగి అడగాలి: ఆ పొగలోంచి మొహం ఎలా కనబడింది?

ఎన్ని దెబ్బలు పేలాయన్న దానికి చెవి మంచి సాక్షి కాదు. చుట్టూ ఇళ్లున్న చౌకులో ప్రతి దెబ్బకీ ప్రతిధ్వని వస్తుంది. 50 మీటర్ల అవతల గోడ ఉంటే దాదాపు 0.3 సెకన్లకు తిరిగొస్తుంది, అది రెండో దెబ్బలాగే వినబడుతుంది. జనం చెప్పిన సంఖ్య పెద్దగా ఉండడానికి ఇది చాలు, అందులో దురుద్దేశం ఏమీ లేదు. సరైన లెక్క తూటాల రిజిస్టరులో ఉంటుంది: ఎవరికి ఎన్ని ఇచ్చారు, సాయంత్రానికి ఎన్ని మిగిలాయి. ఆ రిజిస్టరు ఇన్‌క్వెస్టు ముందు పెట్టారా, నోటితో చెప్పి వదిలేశారా అన్నది చూసుకోండి.

గాయాల కోణం చాలామంది తప్పుగా వాడతారు. "పై కిటికీలోంచి కాల్చారు కాబట్టి తూటా పైనుంచి కిందకి దిగాలి" అనుకుంటారు. లెక్క వేసి చూడండి. కిటికీ నేల నుంచి 4 మీటర్లు, తగిలిన చోటు 1.3 మీటర్లు అనుకుందాం. తేడా 2.7 మీటర్లు. మనిషి గోడకు 5 మీటర్ల దూరంలో ఉంటే తూటా దాదాపు 28 డిగ్రీల వాలులో దిగుతుంది. అదే మనిషి 60 మీటర్ల దూరంలో ఉంటే వాలు 3 డిగ్రీలు కూడా ఉండదు, అంటే దాదాపు సమతలమే. కాబట్టి సమతలమైన గాయం "పై కిటికీ కాదు" అని చెప్పదు, "దూరంగా ఉన్నాడు" అని చెబుతుంది. బ్యారక్ తలుపు బద్దలుకొడుతున్నవాళ్లను కాల్చామన్న వాదనకు ఇదే గట్టి పరీక్ష. పైగా సరిగ్గా గోడ కింద ఉన్నవాణ్ణి పై కిటికీలోంచి కాల్చాలంటే నడుము దాకా బయటికి వంగాలి, అలా వంగినవాణ్ణి వీధంతా చూస్తుంది. ఒక్క జాగ్రత్త: మనిషి వంగి ఉన్నా, పరుగెడుతున్నా, పడిపోతున్నా కోణం మారిపోతుంది. డాక్టరు సాక్ష్యంలో లోపలికి వెళ్లిన గాయం, బయటికి వచ్చిన గాయం రెండూ ఎంత ఎత్తులో ఉన్నాయో రాసి ఉంటేనే ఈ లెక్క వేయండి. ఒక్కటే ఉంటే వదిలేయండి.

ఎక్కడ పడ్డారన్నది కూడా ఇలాంటిదే. మిచెల్స్‌టౌన్ చౌకులో ముగ్గురూ పడిన చోట్లను సూచిస్తూ నేలలో మూడు శిలువ గుర్తులున్నాయి. దూరం కొలవడానికి అవి గొప్ప ఆధారం. కానీ తూటా తగిలిన మనిషి కొన్ని గజాలు పరుగెత్తి పడొచ్చు. "తగిలింది ఎక్కడ" అన్నదానికి సాక్షి కావాలి, "పడింది ఎక్కడ" అన్నదానికి రాయి చాలు.

ఇక పెద్దమనుషుల సాక్ష్యం. ఇంగ్లండు సభ్యులు, పత్రికల విలేఖరులు తటస్థులని, వాళ్ల మాటకు ఎక్కువ బరువివ్వడం సహజం. కానీ సభకు వచ్చినవాళ్లలో వేదిక దగ్గరున్నవాళ్లకు జనం వెనక అంచున తోపులాట ఎలా మొదలైందో ఎంత కనబడుతుంది? మధ్యలో వేల తలలు, టోపీలు, గుర్రాలెక్కినవాళ్లు. అదే మనిషి ఆ తర్వాత చౌకులో ఏ వైపుకి కదిలాడో బట్టి కాల్పుల విషయంలో మంచి సాక్షి కావచ్చు. ఒకే వాంగ్మూలంలో సగం చూసింది, సగం విన్నది ఉంటుంది. పెన్సిలుతో గీత గీసి విడదీయండి. మర్యాదస్తుడు కావడం వేరు, చూడగలిగే చోట ఉండడం వేరు.

కూడబలుక్కున్న సాక్ష్యాన్ని పట్టుకోవడానికి ఒక ఆనవాలు ఉంది. అభిప్రాయాల్లో ఒకే మాట, వివరాల్లో తలోమాట అయితే అనుమానించండి. నలుగురు కానిస్టేబుళ్లు "మా ప్రాణాలకు ముప్పు వచ్చింది" అని ఒకే వాక్యం చెప్పి, ఆర్డరు ఎవరిచ్చారో, తాము ఏ గదిలో ఉన్నారో తలో విధంగా చెబితే ఆ వాక్యం ఎవరో ఇచ్చింది. దీనికి తలకిందులుగా, ఎవరూ నేర్పని చిన్న వివరం, మెట్ల మీద పడిన హెల్మెట్ లాంటిది, సంబంధం లేని ఇద్దరి మాటల్లో కలిస్తే అది బంగారం. ఇదే కొలత జనం పక్షానికీ వాడాలి. ఉద్యమ పక్షానికి తన వకీళ్లు, తన పత్రికలు ఉన్నాయి, వాళ్ల సాక్షులూ మాట్లాడుకునే వచ్చారు. అన్నిటికంటే విలువైంది తన పక్షానికి నష్టం చేసే మాట: రాళ్లు పడ్డాయని ఒప్పుకున్న ఊరివాడు, ఆర్డరు వినలేదని ఒప్పుకున్న పోలీసు. అలాంటివి దొరికితే విడిగా రాసి పెట్టుకోండి, వరస కట్టడం వాటితోనే మొదలుపెట్టండి.

కాగితం ఎలా పుట్టిందో కూడా చూడాలి. కరోనర్ రాసుకున్న వాంగ్మూలంలో ప్రశ్నలు ఉండవు, జవాబులన్నీ కలిపి సాక్షి తనంతట తనే గడగడా చెప్పినట్టు ఉంటుంది. "నేను కర్ర పట్టుకోలేదు" అనే వాక్యం అక్కడ ఊడిపడినట్టుంటే, దాని వెనక పోలీసుల వకీలు వేసిన ప్రశ్న ఉందన్నమాట. ఆ ప్రశ్నలు కావాలంటే ఆనాటి పత్రికల రిపోర్టులు తీయాలి, అదీ రెండు పక్షాలవీ. సాక్షి జవాబు చెప్పనని మొండికేసిన చోట్లు, జ్యూరీవాళ్లు మధ్యలో అడిగినవి, వాయిదాల మీద గొడవలు పత్రికల్లోనే ఎక్కువగా బతికాయి.

జ్యూరీ అక్టోబరులో కౌంటీ ఇన్‌స్పెక్టర్ బ్రౌన్‌రిగ్ మీద, మరికొందరు పోలీసుల మీద కావాలని చేసిన హత్య అని తేల్చింది. 1888 ఫిబ్రవరిలో డబ్లిన్‌లోని పైకోర్టు క్వీన్స్ బెంచ్ దాన్ని కొట్టేసింది. ఎవరి మీదా హత్య విచారణ జరగలేదు. ఇక్కడ చాలామంది తడబడతారు. కొట్టేసింది ఇన్‌క్వెస్ట్ నడిపిన తీరులోని లోపాల మీద. సాక్షులు అబద్ధమాడారని ఆ కోర్టు తేల్చలేదు, పోలీసులు నిర్దోషులనీ తేల్చలేదు. కరోనర్ జ్యూరీ పేరు పెట్టి హత్య అని తేలిస్తే, ఆ కాగితమే నేరారోపణగా నిలిచి నేరుగా విచారణకు దారితీసే రోజులవి. అందుకే దాన్ని పడగొట్టడం ప్రభుత్వానికి అంత అవసరమైంది. తీర్పు చచ్చినా వాంగ్మూలాలు చావలేదు.

మీ రెండో ప్రశ్న, మన జిల్లాల సంగతి. సంబంధం ఊరికే కల్పించింది కాదు. 1843లో బ్రిటిష్ సేనాని నేపియర్ సింధులో పెట్టిన పోలీసుకు ఐరిష్ కాన్‌స్టాబ్యులరీయే నమూనా. 1859 మద్రాసు పోలీసు చట్టం, 1861 పోలీసు చట్టం ఆ దారిలోనే వచ్చాయి. పోలీసు పద్ధతి దిగుమతి అయింది, దాన్ని నిలదీసే జ్యూరీ మాత్రం మన పల్లెలదాకా రాలేదు. 1871 కరోనర్ల చట్టం ప్రెసిడెన్సీ నగరాలకే. మద్రాసు నగరంలో కూడా 1889లో ఆ పదవి తీసేశారు. గుంటూరులోనో విశాఖలోనో మనిషి చస్తే 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద శవ పంచనామా. ఇద్దరు, ముగ్గురు పెద్దమనుషుల ఎదుట పోలీసే చేసేవాడు, మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామ మునసబు కూడా చేయగలిగేవాడు. అది చూసేది ఏ గాయాలున్నాయి, పైకి కనబడే మరణకారణం ఏమిటి అన్నదే. ఎవరు కాల్చారు, కాల్చాల్సిన అవసరం ఉందా అని అడగదు. 176వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు విచారణ పోలీసు కస్టడీలో చనిపోతేనే తప్పనిసరిగా ఉండేది. వీధిలో తూటా తగిలి పడినవాడి విషయంలో అది మేజిస్ట్రేటు ఇష్టంగా ఉండేది. 1942 ఆగస్టు 12న తెనాలి కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. అలాంటి ఘటనల్లో మిచెల్స్‌టౌన్ తరహా జ్యూరీ వాంగ్మూలాల కట్ట కోసం వెతికితే దొరకదు, ఎందుకంటే దాన్ని పుట్టించే యంత్రాంగమే ఇక్కడ లేదు. ఏదైనా కాల్పుల కేసు కోర్టుకెక్కి ఉంటే ఆ సెషన్స్ రికార్డులు, ఆసుపత్రి రిజిస్టర్లు, శాసనసభ ప్రశ్నోత్తరాలు, మరణ వాంగ్మూలాలు వెతకండి. మరణ వాంగ్మూలంలో ఒక తేడా గుర్తుంచుకోండి: ఐర్లండ్‌లో ఆ రోజుల్లో చెప్పేవాడికి తాను ఇక బతకనని తెలిసి ఉండాలి. 2024దాకా అమల్లో ఉన్న మన 1872 సాక్ష్య చట్టం 32వ సెక్షన్‌కు ఆ షరతు ఉండేది కాదు.

మన కాగితాల్లో ఇంకో పొర ఉంది, భాష. సాక్షి తెలుగులో చెబుతాడు, రికార్డు చాలాచోట్ల ఇంగ్లీషులో ఉంటుంది. ఆ 1898 కోడ్ 359వ సెక్షన్ ప్రకారం ప్రశ్నాజవాబులుగా కాక కథనంగా రాయాల్సి ఉండేది కాబట్టి ప్రశ్న అక్కడా మాయం. తెలుగులో "తుపాకీ పేలింది" వేరు, "తుపాకీ పేల్చాడు" వేరు. మొదటిదానిలో కాల్చినవాడు లేడు, రెండోదానిలో ఉన్నాడు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి రెండూ "కాల్పు జరిగింది" అనే ఒకే వాక్యంగా మారిపోవచ్చు. "రాళ్లు వేశారు" అన్నప్పుడు ఎవరన్నది సాక్షి చెప్పలేదు, అనువాదం దానికి "అల్లరి మూక" అనే కర్తను తగిలిస్తుంది. "మేం వెళ్లాం", "మనం వెళ్లాం" రెండూ ఒకటే అయిపోతాయి, సాక్షి తనతో ఎవరిని కలుపుకున్నాడో పోతుంది. అన్నిటికంటే ప్రమాదం "అట". "తలుపు విరగ్గొట్టారట" అన్నవాడు తాను చూడలేదని ఆ ఒక్క అక్షరంతోనే చెప్పేశాడు. రికార్డులో అది రాలిపోతే చెప్పుడు మాట కంటితో చూసిన సాక్ష్యమై కూర్చుంటుంది, తర్వాత అడ్డ ప్రశ్నల్లో "నేను చూడలేదు బాబూ" అంటే మాట మార్చాడని ముద్ర వేస్తారు. కాబట్టి ఫైలులో తెలుగు ప్రతి ఉందేమో ముందు చూడండి. వాంగ్మూలం చివర "చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నాడు" అని ఉంటుంది, అదే కోడ్ 360వ సెక్షన్ కింద అప్పట్లో అది తప్పనిసరి. చదివి వినిపించింది ఏ భాషలోనో, దుబాసీ (మాటను అనువదించినవాడు) ఎవరో రాసి ఉంటే ఆ పేరు దించుకుని, అదే ఫైలులో ఆ దుబాసీ చేతి మీదుగా వచ్చిన మిగతా వాంగ్మూలాలన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. సాక్షులందరూ ఒకే ఇంగ్లీషు మాట వాడినట్టు కనబడితే ఆ మాట దుబాసీది.